రాసివ్వని రెండు ముక్కలు

నిజాం పాలన పోయాక జరిగిన తొలి ఎన్నికల్లో నేను హుస్నాబాద్ వైపు నుంచి ఎమ్మెల్యేగా గెలిచాను. ఆ సంబరం తీరకముందే, పోలీసు చర్యకు ముందు పట్నం పారిపోయిన మా దొర తిరిగి వచ్చారు. ఖద్దరు టోపీ పెట్టుకుని, నేరుగా మా పార్టీలోనే చేరారు. చేరిన ఏడాదిలోనే కౌలు రైతులను పొలాల్లోంచి వెళ్ళగొట్టడం మొదలుపెట్టారు.

వాళ్ళలో ఒక వితంతువు ఉండేది. మామ కాలం నుంచీ దున్నుకుంటున్న నాలుగెకరాలు వదలనని మొండికేసింది. ఆమెకు ఎవరూ ఎడ్లు ఇవ్వకూడదని, అరక కట్టకూడదని దొర ఊరంతా చెప్పించారు. వానలు పడ్డాయి. పొలం బీడుగా ఉంది. ఆమె మా ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగింది.

"అన్నా, ఓటేసినప్పుడు మస్తు మాటలు చెప్పినవ్. ఇప్పుడు అరక కడుతవా, కట్టవా?"

మర్నాడు పొద్దున్నే నా ఎడ్లు తోలుకుపోయి నేనే నాగలి పట్టాను. అలవాటు తప్పి చాలా ఏళ్ళయింది. గట్టు మీద నుంచి ఆమె నవ్వింది.

"అసెంబ్లీల మంచిగ మాట్లాడుతవట గని, గా సాలు జూడు, ఎంత వంకర పోతుందో!"

అంతలో దొర మనిషి కర్ర పట్టుకుని వచ్చాడు. "గీ భూమి దొరది. ఎడ్లను ఇప్పు" అన్నాడు.

"ఎడ్లు నావి, నేను ఇప్ప. పోయి దొరకు చెప్పు, నేనే దున్నుతున్ననని."

అతను కర్ర భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి అరెకరం పైన దున్నాను, మిగతాది ఆ వారంలో పూర్తి చేశాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

తర్వాతి ఎన్నికలు దగ్గర పడ్డాక పార్టీ అధ్యక్షుడు హైదరాబాద్ పిలిపించారు. చాయ్ తెప్పించి, కాగితం ముందుకు జరిపారు.

"దొర భూమిల అరక కట్టుడు గలతీ అయింది, తప్పయిందని రెండు ముక్కలు రాసియ్యి. టికెట్ నీదే."

"నేను చేసిన గలతీ ఒక్కటే. సాలు వంకర దున్నిన. గది రాసియ్యమంటే రాస్త."

ఆయన నవ్వలేదు. టికెట్ దొరకు ఇచ్చారు.

ఇంటికి వచ్చి స్వతంత్రంగా నిలబడతానని మా ఆవిడతో చెప్పాను.

"ఓడిపోతవ్, ఎరుకేనా?" అంది.

"ఎరుకే."

"ఎరుకైతే నిలబడు. ఓడినంక పరేషాన్ గాకు మల్ల."

సైకిల్ మీద ఊళ్ళన్నీ తిరిగాను. కొన్ని ఊళ్ళలో నన్ను చూసి తలుపులు వేసుకున్నారు. నా మీద కోపంతో కాదు, దొర భయంతో. ఓడిపోయాను. దొర ఊరేగింపు డప్పులతో మా వాకిట్లోకి వచ్చి ఆగింది. నేను అరుగు మీద నుంచి లేవలేదు. మా ఆవిడ కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. డప్పులు కొట్టీ కొట్టీ వాళ్ళే అలసి వెళ్ళిపోయారు.

పదవి లేకపోయినా ఏటా వానలు పడగానే ఎడ్లు తోలుకుని ఆ పొలానికి వెళ్ళాను. రెండో ఏడు ఇంకో ముగ్గురు అరకలు తెచ్చారు. మూడో ఏటికి వచ్చిన అరకలు లెక్క పెట్టడం మానేశాను. తహసీల్ కచేరీ చుట్టూ తిరగగా తిరగగా ఆ భూమి ఆమె పేరున అయింది. తర్వాతి ఎన్నికల్లో మళ్ళీ స్వతంత్రంగానే నిలబడి గెలిచాను.

అప్పుడు పార్టీ వాళ్ళు దండలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కౌలుదార్ల మాట మీటింగుల్లో ఎత్తనిస్తేనే వస్తానన్నాను. గొణుగుతూనే ఒప్పుకున్నారు. కొన్నాళ్ళకు జిల్లా పార్టీ బాధ్యత నాకే అప్పజెప్పారు.

కరీంనగర్‌లో నేను నడిపిన మొదటి సమావేశంలో దొర ముందు వరసలో కూర్చున్నారు. ఇంకా భూమి కాగితాలు రాని కౌలుదార్ల జాబితా తీసి, మొదటి పేరు చదివాను. దొర భూమి కౌలుకు దున్నుతున్న మనిషే.

"గిది పార్టీ మీటింగా, తహసీల్ కచేరీనా?" అంటూ దొర లేచారు.

"పార్టీ మీటింగే. కూసోని వినుండ్రి" అన్నాను.

ఆయన బయటికి వెళ్ళిపోయారు. నేను రెండో పేరు చదివాను.