డ్రాయింగులకి అంటిన పసుపు

నౌపడ నుంచి ఆర్కిటెక్చర్ పీజీ ఇంటర్వ్యూకి వెళ్లాను. గేట్ స్కోరు కటాఫ్ అంచున ఉంది. ఇక నా డ్రాయింగుల పుస్తకమే దిక్కు. ఇంటర్వ్యూ చేసే సార్ దాన్ని తెరిచాకే చూశాను. బయల్దేరేముందు అమ్మ అట్ట నాలుగు మూలలకూ రాసిన తడి పసుపు లోపలి పేజీలకు పాకింది.

"ఈ స్కోరుతో, ఇలాంటి షీట్లతో వచ్చారా?" అన్నారాయన. ఆయన పేజీలు తిప్పుతూ మా ఊళ్లో ఉప్పు నిల్వచేసే షెడ్డు బొమ్మ దగ్గర ఆగారు.

"దీనికి ఒక్క మేకూ లేదేం?"

"ఉప్పుగాలికి ఇనుము నిలవదండి. మా నాన్నోలు తాళ్లతోనే కడతారు."

తర్వాత అరగంటా షెడ్డు గురించే అడిగారు. స్కోరు ఊసెత్తలేదు. సీటొచ్చింది.

స్కోరు గుమ్మం దాకానే, లోపలికి లాగింది నాన్న తాళ్లేనని నేనంటాను. అమ్మ ఒప్పుకోదు.

"మరి పసుపెవులు రాసినారే?" అంటుంది.