చంద్రుడికి వేయని నూలుపోగు

మొన్న ఆదివారం జర్మనీలోని మా బ్రెమెన్‌లో మన తెలుగు పిల్లలు ఒక చిన్న హాలు అద్దెకు తీసుకుని సభ చేసి, ఉద్యోగ విరమణ చేశానన్న వంక మీద నన్ను కూడా పిలిచి ఒక శాలువా కప్పారు. కప్పిన అమ్మాయి ఇక్కడ ఎం.ఎస్. చదువుతోంది. కాగితంలో రాసుకొచ్చిన నాలుగు ముక్కలూ చదివి, చివర్లో, ఇది చంద్రుడికో నూలుపోగు లాంటిదండీ అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కన కూర్చున్న నా మనవరాలు మాత్రం నా చెయ్యి లాగి, "తాతా, మోంద్‌కి దారమెందుకు? వాడికి కాల్ట్‌గా ఉందా?" అని అడిగింది. చంద్రుడికి చలేస్తోందా అని దాని సందేహం. గొప్పవాళ్లకు మనం ఇచ్చే చిన్న కానుకను అలా అంటారమ్మా అని పైపైన చెప్పి ఊరుకున్నాను. ఆ మాట వెనక ఉన్న కథ తెలిసి కూడా ఎందుకు చెప్పలేదో ఇంటికి వచ్చాక గాని నాకు అర్థం కాలేదు.

మాది చీరాల పక్క నేత కుటుంబం. అమావాస్య వెళ్లిన రెండోనాడు, అంటే విదియనాడు, పొద్దు గూకే వేళకు మా నాయనమ్మ మమ్మల్నందరినీ పెరట్లోకి తోలుకుపోయేది. పడమటి దిక్కున గోటిగీత లాంటి నెలవంక కనబడగానే, కట్టుకున్న చీర కొంగులోంచి ఒక పోగు లాగి చంద్రుడి వైపు వేసి దండం పెట్టుకునేది. అలా పోగు వేసినవాళ్లకు చంద్రుడు కొత్త బట్టలిస్తాడని మా వైపు నమ్మకం. నాయనమ్మ చెప్పే కథ ఇంకొంచెం పెద్దది. చంద్రుడు నెలనెలా ఒంటి మీద నూలుపోగైనా లేకుండా పుడతాడట, ఇంటికో పోగు చొప్పున ఊళ్లన్నీ ఇస్తూపోతే పున్నమి నాటికి ఆయనకు నిండు పంచె తయారవుతుందట. అందువల్ల, మనం వెయ్యకపోతే ఆయన పంచెలో మన పోగు మేర చిరుగు మిగిలిపోతుందని భయపెట్టేది కూడా.

ఒకసారి నేను చొక్కా చెడిపోతుందని, మగ్గం పక్కన బుట్టలో ఉన్న కండె నుంచి జానెడు నూలు తెంపి తెచ్చాను. నాయనమ్మ నా చేతిలోంచి దాన్ని లాక్కుని, ఆ నూలు షావుకారుది, మనది కాదు, మనకు తక్కువ పడేది ఇస్తేనే అది ఇచ్చినట్టు, అని మందలించి, నా చొక్కా అంచులోంచే పోగు పీకించింది. అంచు కాస్త ఊడిపోయి, బడిలో పిల్లలు నవ్వారు. అంత బాగా చెప్పించుకున్న పాఠాన్ని నేను ఎంత సుఖంగా మరిచిపోయానో ఇప్పుడు చెప్పుకోవాలి.

నలభై ఏళ్ల కిందట నేను విమాన భాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజినీరుగా ఈ ఊరు వచ్చినప్పుడు, తెలుగు మాట వినబడే ఇల్లు నాకు తెలిసి ఒక్కటే ఉండేది. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరే, వాళ్లది వరంగల్లు. చుట్టరికమేమీ లేదు గాని మొదటి రోజు నుంచీ ఆవిడ నాకు అక్క, ఆయన బావ. బావకు హైడెల్‌బర్గ్‌లో పరిశోధన ఉద్యోగం, సోమవారం రైలెక్కితే శుక్రవారం దిగేవాడు. రెండేళ్ల పాటు నేను వారానికి మూడు పూటలు ఆ ఇంట్లో తిన్నాను. ఊళ్లో పేరు నమోదు చేయించుకునే నా అన్మెల్డుంగ్ కాగితాల కోసం బావ సెలవు పెట్టి ఒక రోజంతా నాతో పాటు ఆఫీసులో వరసలో నిలబడ్డాడు. నా జ్వరానికి అక్క మిరియాల చారు డబ్బాలో పోసి, ట్రాములో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

అక్కకు ఏడో నెల వచ్చింది. మా అమ్మ ఎవరికైనా పెట్టడానికి ఉంటాయని పంపిన నాలుగు చీరల్లో ఒకటి తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టి, చంద్రుడికో నూలుపోగు అక్కా అన్నాను. అప్పట్లో అలాంటి మాటలు సందర్భానికి తగ్గట్టు వాడతానని నాకు గర్వం కూడా. ఆవిడ నవ్వింది.

"నేనేం చంద్రున్ని గాను తమ్మీ. మంగళారం డాక్టర్ దగ్గర టెర్మిన్ ఉన్నది, రమ్మన్నరు. ఒక్క పూట నా ఎంబడి రా, సాలు. నాకు వాళ్ల మాట సమజ్ గాదు."

సెలవు దొరకదన్నాను. అది అబద్ధం. సెలవులు ఉన్నాయి. వచ్చే నెల స్నేహితులతో పారిస్ వెళ్లడానికి ఒక్కొక్కటీ దాచుకుంటున్నాను. ఒక పూట తగ్గితే ఆ ప్రయాణం కూలిపోయేదేమీ కాదని అప్పుడూ తెలుసు.

గురువారం సాయంత్రం ఆకలేసి, ఆఫీసు నుంచి తిన్నగా వాళ్లింటికి వెళ్లాను. డాక్టరు ఏమన్నదో కనుక్కుందామని కాదు, తిందామనే. తలుపు తీసిన అక్క కళ్లు వాచి ఉన్నాయి. మంగళవారం ఆవిడ ఒక్కతే వెళ్లింది.

"చాన మాటలు జెప్పింది తమ్మీ. నేను అన్నిటికీ యా, యా అన్న. ఒక్కపారన్న నవ్వలే ఆమె. బిడ్డకేమన్న అయిందా?"

ఈ దేశంలో డాక్టర్లు పని మధ్యలో నవ్వరన్న సంగతి ఆవిడకు చెప్పినవాళ్లు లేరు. మన ఊళ్లో డాక్టరమ్మ ముఖం బిగిస్తే ఏదో ముంచుకొచ్చినట్టే లెక్క. డాక్టరు ఇచ్చిన కాగితాన్ని అక్క దేవుడి పటం కింద పెట్టి, రెండు రోజులు దాని ముందే కూర్చుంది. బావకు ఫోను చేస్తే పని వదిలి పరిగెత్తుకొస్తాడని చెప్పలేదు. నాకు సెలవు లేదు కదా అని నన్నూ కదపలేదు.

కాగితం చదివాను. బిడ్డ క్షేమం. తల్లికి రక్తం కొంచెం తక్కువ, ఇనుము మాత్రలు వేసుకోవాలి, రెండు వారాల తరవాత మళ్లీ రావాలి. అంతే. అక్క దాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుని, గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కొచ్చి, కూసో, బువ్వ పెడత అంది. ఆ అన్నం నేను తిన్నాను. నిజం చెప్పాలంటే రెండోసారి పెట్టించుకున్నాను కూడా. కాని రెండు పగళ్లూ రెండు రాత్రులూ ఒక మనిషి ఒంటరిగా పడ్డ భయం ఖరీదు, నేను దాచుకున్న ఒక్క పూట సెలవు.

శాలువా కప్పిన రాత్రి నిద్ర పట్టక, మర్నాడు పొద్దున్నే హైడెల్‌బర్గ్‌కు ఫోను చేశాను. వాళ్లు అక్కడే స్థిరపడ్డారు, ఆనాటి బిడ్డకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. అక్కా, ఆ మంగళవారం నాకు సెలవు ఉంది, అని ఇన్నేళ్లకు చెప్పాను. అవతల నవ్వు వినిపించింది.

"గది నాకు గప్పుడే ఎర్కనే. నెల తిరగంగనే పారిస్ ఫొటోలు జూపెట్టింది నువ్వే గద."

తెలిసి కూడా తరవాత అన్నాళ్లు నాకు అన్నమెలా పెట్టావక్కా అన్నాను.

"ఆకలైతున్నదని వస్తివి. పెట్టకుంట ఏం జేస్తరు?"

ఆ తరవాత మోకాళ్ల నొప్పుల సంగతి మాట్లాడి ఫోను పెట్టేసింది. నా క్షమాపణ వినిపించుకోవడానికి కూడా ఆవిడ ఆట్టే తీరిక చేసుకోలేదు.

ఇప్పుడొచ్చే పిల్లలకు ఏ కాగితమైనా ఫోను ముందు పెడితే చాలు, తెలుగులో చదివిపెడుతుంది. డాక్టరు గదిలో ఏ తోడూ లేకుండా అన్నీ కనుక్కుని రాగలరు. మంచిదే, మా అక్కలా ఎవరూ రెండు రోజులు ఏడవనక్కర్లేదు. అయితే కాగితం పట్టుకుని తలుపు తట్టేవాళ్లు కూడా లేకపోయారు. రోజుకు మూడు పూటలూ ఇప్పుడు నావే. ఒక్క పూట నా వెంట రమ్మని అడిగేవాళ్ల కోసం ఎదురు చూడడం ఈ వయసులో నేర్చుకుంటున్నాను.