తువ్వాలు పరిచి పడిపోయే నిసార్ చాచా

మా నిసార్ చాచాకి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటి మనిషి బాగానే ఉన్నాడంటే నమ్మలేరు. ఎవరైనా ఆవులిస్తే ఊపిరి అందడం లేదేమోనని కిటికీలు తెరిపిస్తారు. చెప్పు తెగి కుంటుకుంటూ వచ్చినవాణ్ణి అరుగుమీద కూర్చోబెట్టి చీలమండ తడుముతారు. గుణదల కొండ కింద మా వీధిలో ఆయన చేత కట్టు కట్టించుకోనివాళ్ళు లేరు. వాళ్ళలో నిజంగా దెబ్బ తగిలినవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. కండక్టరు లైసెన్సు ఇవ్వాలంటే ప్రథమ చికిత్స నేర్చుకున్నట్టు సర్టిఫికెట్టు అడిగేవారట. మిగతావాళ్ళు అది చూపించి, ఉద్యోగం రాగానే మర్చిపోయారు. చాచా దానికి ఫ్రేము కట్టించి పెళ్ళి ఫొటో పక్కన తగిలించారు. పెళ్ళి ఫొటో కొంచెం చిన్నది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ "ముందుకు జరగండి, లోపల ఖాళీగా ఉంది" అని అరిచిన గొంతు, రిటైరయ్యాక "వెనక్కి జరగండి, గాలి రానివ్వండి" అని అరవడం మొదలుపెట్టింది. జనం అప్పుడూ జరగలేదు, ఇప్పుడూ జరగలేదు.

మా అమ్మ తెరేసమ్మకి వీధి మొదట్లో టీ, బజ్జీల బండి ఉంది. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఆ బండి దగ్గరే ఉండిపోయాను. ఒకరోజు అమ్మ చేతిమీద నూనె చిందింది. అమ్మ అందరిలాగే టూత్‌పేస్టు పూసుకుంది. అంతలో చాచా ఎక్కణ్ణించి ఊడిపడ్డారో, "పేస్టు పళ్ళకమ్మా" అంటూ అమ్మని లాక్కెళ్ళి మున్సిపాలిటీ కుళాయి కింద చెయ్యి పెట్టించారు. అది నీళ్ళొచ్చే వేళ. వెనకాల వీధంత పొడుగు బిందెల వరస. పేస్టు కొట్టుకుపోయింది గానీ చాచా చెయ్యి వదల్లేదు. ఆడవాళ్ళు గొణిగారు, తర్వాత తిట్టారు.

మా శౌరమ్మత్త ముందుకొచ్చి, "ఆ చెయ్యి ఎన్ని బిందెలు తాగుతుందయ్యా?" అని అడిగింది.

"మంట చల్లారేదాకా తాగుద్దమ్మా. కావాలంటే నీ బిందె ఆ చేతికిందే పెట్టుకో."

అమ్మ చెయ్యి బొబ్బ కూడా ఎక్కలేదు. వీధిలో సగం ఇళ్ళల్లో మాత్రం ఆ పూట కూర వండలేదు.

మేరీమాత తిరునాళ్ళ వస్తే ఆయనకి ఇంక పట్టపగ్గాలుండేవి కావు. కొండకి వచ్చినవాళ్ళంతా ఆయన కంటికి పేషెంట్లే. ఓసారి మెట్లమీద ఒకాయనకి ఫిట్స్ వస్తే, ఎవరో పెద్దమనిషి తన తాళాల గుత్తి తీసి అతని చేతిలో పెట్టబోయాడు. చాచా దాన్ని లాక్కుని, "తాళాలు తలుపుకి బాబూ" అన్నారు. చుట్టూ ఉన్న రాళ్ళు తీసేశారు. తలకింద మెత్తగా తన తువ్వాలు పెట్టారు. కాళ్ళూ చేతులూ పట్టుకోబోయినవాళ్ళని అదిలించారు. కుదుపులు ఆగాక అతణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, తెలివొచ్చేదాకా కదలకుండా కూర్చున్నారు. అతను లేచి నడిచి వెళ్ళిపోయాడు. తాళాలు మాత్రం చాచా జేబులోనే ఉండిపోయి, ఆ పెద్దమనిషి సొంత ఇంటి గడపలో కూర్చుని ఊరంతా కబురు పెట్టాల్సొచ్చింది.

అదే రోజు పైన గుహ దగ్గర శౌరమ్మత్త కళ్ళు మూసుకుని చాలాసేపు మోకాళ్ళమీద ఉంది. చాచా వెళ్ళి భుజం తట్టి, "అమ్మా, నా మాట వినపడతాందా?" అని అడిగారు. అత్త కళ్ళు తెరవకుండానే, "నేను మాతతో మాట్టాడతన్నానయ్యా. నీతో కాదు" అంది. చాచా అయినా నాడి చూసేగానీ కదల్లేదు.

ఇంతమందిలో ఆయన తన శిష్యరికానికి నన్నెందుకు ఎంచుకున్నారో నాకు అర్థమయ్యేది కాదు. నా గొంతు అసలు పైకి వచ్చేది కాదు. బండి దగ్గర నేను "ఎన్ని కావాలండీ" అంటే, వచ్చినవాళ్ళు అమ్మకేసి తిరిగి, "పాప ఏవంటంది?" అని అడిగేవారు. ప్రథమ చికిత్సలో మొట్టమొదటి మందు కేక అనేవారు చాచా. అందుకని రోజూ సాయంత్రం బండి దగ్గరికొచ్చి పడిపోయేవారు.

ఆ పడిపోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటారు. భుజమ్మీద తువ్వాలు తీసి నేల దులుపుతారు. దాన్ని ముడతల్లేకుండా పరుస్తారు. అప్పుడు గుండె పట్టుకుని, "హా" అని దానిమీద సరిగ్గా మధ్యలో పడతారు. నేను కేక వెయ్యాలి.

"ఎవరైనా రండి" అని నాలో నేను అనుకున్నట్టు గొణిగేదాన్ని.

ఆయన ఒక కన్ను తెరిచేవారు. "ఎవరైనా అంటే ఎవరూ రారు బేటా. పేరు పెట్టి పిలువు. పని అప్పజెప్పు." మళ్ళీ కన్ను మూసుకుని, "ఈ గొంతుకి బజ్జీమీద ఈగ కూడా లెగవదు" అనేవారు.

పక్క కొట్లో టైలరు రామకోటేశ్వరరావు గారు టేపు మెళ్ళో వేసుకుని బయటికొచ్చి, "ఇయ్యాళ ఏం పోయిందండీ, గుండా, ఊపిరా?" అని అడిగేవారు. చాచా పడుకునే పాఠం చెప్పేవారు. షుగరున్న మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తిక్కతిక్కగా వస్తుంటే తాగాడనుకోకూడదట. మింగగలిగితే వెంటనే పంచదార నీళ్ళు పట్టాలట. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి పరిగెత్తాలట. ఆయనకీ షుగరుంది. ఆ సంగతి ఎత్తితే మాత్రం, "నేను సగం డాక్టర్నేగా" అనేవారు.

ఆ ఏడు రంజాన్ క్రిస్మస్ నెలలో వచ్చింది. మా ఇళ్ళకి నక్షత్రాలు కట్టాం. రోజా ఉపవాసం ఉండొద్దని డాక్టరు చెప్పినా సగం డాక్టరు వినలేదు. ఒక సాయంత్రం, ఇంకాసేపట్లో మసీదులో అజాన్ అవుతుందనగా, ఇఫ్తార్‌కి బజ్జీలు తీసుకెళ్ళడానికి వచ్చారు. వరసలో నిలబడి ఉన్నట్టుండి రామకోటేశ్వరరావు గారి ముందు చెయ్యి చాపి, "టికెట్" అన్నారు. అందరూ నవ్వారు. "గన్నవరం దిగేవాళ్ళు ముందుకు రండి" అన్నారు. ఇంకా నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. అంత చలిలో ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. చాపిన చెయ్యి వణుకుతోంది. అలాగే మట్టిలో కూలబడ్డారు. కళ్ళజోడు ముఖానే ఉంది. తువ్వాలు భుజమ్మీదే ఉంది.

నేను గ్లాసునిండా పంచదార నీళ్ళు కలిపి తెచ్చాను. రామకోటేశ్వరరావు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "రోజాలో ఉన్నారమ్మా. ఇంకాసేపు ఓర్చుకుంటే అజాన్ అయిపోద్ది. పొద్దుణ్ణించీ ఉన్నదంతా మన చేత్తో పాడుచేస్తావా?" అన్నారు. అమ్మ కూడా, వాళ్ళ వాళ్ళని అడగకుండా తప్పు కదే అంది. శౌరమ్మత్త ముందు ప్రార్థన చేద్దామంది. అందరూ మంచివాళ్ళే. ఆయన మీద గౌరవంతోనే ఆయన చుట్టూ గాలి కూడా చొరకుండా నిలబడ్డారు. చాచా తల వాలిపోతోంది.

నోరు తెరిచాను. నా గొంతు బదులు ఆయన గొంతు వచ్చింది.

"వెనక్కి జరగండి, గాలి రానివ్వండి. రామకోటేశ్వరరావు గారూ, మీరు ఆటో పిలవండి. శౌరమ్మత్తా, నువ్వు చాచీని తీసుకురా. ప్రార్థన దారిలో చేసుకో."

ఆ వీధి చరిత్రలో మొదటిసారి జనం జరిగారు. శౌరమ్మత్త ఏకంగా పరిగెత్తింది.

"చాచా, మింగగలరా?" అని అడిగాను. తలూపారు గానీ గ్లాసు తోసేశారు. "రోజా, బేటా."

"ముందు మింగండి. పైవాడికి నేను చెప్పుకుంటాను."

కొంచెం కొంచెంగా తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక అజాన్ వినపడింది. మరికాసేపటికి చెమట ఆగింది. నాకేసి చూశారు, చుట్టూ చూశారు, ముఖం తడుముకున్నారు.

"కళ్ళజోడు తియ్యకుండా పడ్డానా?" అన్నారు.

ఆటో వచ్చింది. ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచి పంపించారు. ఇంకాస్త ఆలస్యమైతే మాట వేరేగా ఉండేదని డాక్టరు అన్నాడట. నేను చేసింది తప్పేమోనని నాకు భయం. మర్నాడు చూడ్డానికి వెళితే, ప్రాణం మీదికొస్తే రోజా విప్పమని మాలోనే ఉందని అన్వరీ చాచీ నా తల నిమిరింది. మీరంతా కలిసి ఆయన పుణ్యం కాపాడి ఆయన్ని పంపించేసేవాళ్ళు, అని నవ్వింది.

"చాచా నాకు పాఠం చెప్పకపోతే నాకేం తెలిసేది చాచీ?" అన్నాను.

"పాఠమా? ఆ బండి దగ్గర పడ్డం దేనికీ, బట్టలు ఉతకలేక చస్తన్నానని ఎన్నిసార్లు పోట్లాడానో. 'ఆ పిల్ల బతకాల్సింది జనంలో. గొంతు లేకపోతే ఎట్టా?' అనేవాడు. మా ఇంట్లో ఒక్కసారైనా పడ్డాడేమో అడుగు. నా గొంతుకి ప్రాక్టీసు అక్కర్లేదంట."

లోపల్నుంచి చాచా గట్టిగా దగ్గారు.

రంజాన్ పండగ వెళ్ళిన మర్నాడు సాయంత్రం ఆయన మళ్ళీ బండి దగ్గరికొచ్చారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తువ్వాలు తీసి నేల దులపబోయారు. వెనకాల బజ్జీలకి వరస పెరుగుతోంది.

వీధి చివరిదాకా వినపడేట్టు నేనే అన్నాను. "ముందుకు జరగండి చాచా, లోపల ఖాళీగా ఉంది."

ఆయన తువ్వాలు భుజమ్మీద వేసుకుని, బుద్ధిగా ముందుకు జరిగారు.