ఫైలు యజమాని

అమరనాథ్‌కు కెనడా పిచ్చి పట్టి నాలుగేళ్ళయింది. పిచ్చి అనకూడదేమో గానీ, యలహంక పాతూళ్ళో రెండు గదుల ఇంట్లో కూర్చుని, ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఏ బస్సు ఏ ఆసుపత్రి ముందు ఆగుతుందో చెప్పే మనిషిని ఇంకేమనాలి? యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చదివింది డిప్లొమా. డ్యూటీ దిగి ఇంటికొస్తే చేతులు కడుక్కోకముందే ఫోన్లో వీడియోలు మొదలు. పని తెలిసినవాళ్ళను ఆ దేశం ఎలా లెక్కగట్టి రానిస్తుందో, వయసుకెన్ని పాయింట్లో, చదువుకెన్నో, అనుభవానికెన్నో, ఇంగ్లీషుకెన్నో అంతా అతనికి నోటికొచ్చు. నోటికి రానిదల్లా ఆ ఇంగ్లీషే, పాపం.

అయితే ఈ కథ అతనిది కాదు, అతని భార్య సుమది. అమరనాథ్ ఎక్కడుంటే అక్కడ అతని మాటే వినబడుతుంది కాబట్టి ముందు అతని గురించి చెప్పేయడమే మేలు.

సుమ పుట్టింది బాగేపల్లి పక్కన. నర్సింగు చదివి, ఉద్యోగం చేస్తూనే బీఎస్సీ కూడా పూర్తిచేసింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు ఆమెది. ఆ వార్డుకు వచ్చేవాళ్ళు వచ్చిపోయే రోగులు కారు. వారానికి మూడుసార్లు అవే మొహాలు, అవే మంచాలు, ఏళ్ళ తరబడి. వాళ్ళ మనవళ్ళ పేర్లు కూడా నర్సులకు తెలుస్తాయి. బళేపేటలో గాజుల అంగడి నడిపిన తిమ్మరాయప్ప అనే పెద్దాయన సుమ చేతనే సూది గుచ్చించుకునేవాడు. వేరే నర్సు వస్తే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఒక సోమవారం ఆయన రాలేదు. బుధవారానికి కబురు వచ్చింది. సుమ ఆ మంచం మీద దుప్పటి మార్చింది, మిషను తుడిచింది, తర్వాతి మనిషిని పిలిచింది. మధ్యాహ్నం డబ్బాలోని చిత్రాన్నం మెతుకు మిగల్చకుండా తింది. తిన్నాక గానీ ఏడుపు రాలేదన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటప్పుడు స్టోరు గదిలోకి వెళ్ళి ముక్కు ఎర్రబడేలా ఏడ్చేది. అది ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే తెలియదు.

ఇంట్లోనూ అంతే. పిల్లలు కలగలేదు. ఆ మాట ఎత్తడం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఏనాడో మానేశారు. అతను కెనడా గురించి మాట్లాడేవాడు, ఆమె ఊఁ కొట్టేది. పోదామన్నా ఊఁ, ఇంగ్లీషు పరీక్ష రాయమన్నా ఊఁ. వెళ్ళాలని ఉందా అని అతను అడగలేదు, ఆమె తనను తాను అడుక్కోనూ లేదు. అడగనందుకు కోపం రావాలి కదా? అదీ రాలేదు. చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

ఆ ఇంగ్లీషు పరీక్ష సంగతి మాత్రం చెప్పుకోవాలి. పెళ్ళాం పరీక్ష రాస్తే మొగుడి లెక్కలో నాలుగు పాయింట్లు కలుస్తాయని అమరనాథ్ ఆమెను పంపించాడు. మాట్లాడే పరీక్షలో ఎదురుగా కూర్చున్నావిడ, మీ జీవితంలో మీరు సొంతంగా తీసుకున్న ఒక పెద్ద నిర్ణయం గురించి చెప్పండి అంది. సుమ కాసేపు వెతికింది. ఒక్కటీ దొరకలేదు. నర్సింగు సీటుకు నాన్న సంతకం పెట్టాడు, పెళ్ళి మేనత్త కుదిర్చింది, యలహంకలో ఇల్లు అమరనాథ్ చూశాడు. ఇక లాభం లేదని, నాన్న వద్దంటున్నా పట్టుబట్టి నర్సింగులో చేరానని ఒక కథ అల్లి చెప్పేసింది. వార్డులో కేరళ నర్సులతోనూ ఉత్తరాది రోగుల చుట్టాలతోనూ పొద్దస్తమానం ఇంగ్లీషే కాబట్టి మాట ఎక్కడా తడబడలేదు. ఆ అబద్ధానికి మంచి మార్కులొచ్చాయి. మూడుసార్లు రాసిన అమరనాథ్‌కు అందులో సగం మెప్పు కూడా దక్కలేదు. ఆ రోజు అతను అన్నం తినకుండా పడుకున్నాడు.

ఇప్పుడు అసలు పొరపాటు. ఏడాది కిందట, కెనడా ఫైళ్ళు చూసే ఒక ఆఫీసుకు అమరనాథ్ వివరాలు పంపాడు. ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర ఫోను పట్టుకోనివ్వరని సుమ నంబరిచ్చాడు. ఆఫీసు నుంచి ఒక కన్నడమ్మాయి ఫోను చేసింది. మెయిన్ అప్లికెంట్ అంటే కొందరికి అర్థం కాదని, ఆ పిల్ల తనకు తోచినట్టు తేలికచేసి, "ఫైలు యజమానరు యారు?" అని అడిగింది. ఫైలు ఎవరి పేరున నడవాలి అని ఆమె భావం. కానీ ఆ సీమలో కన్నడమైనా తెలుగైనా, పెళ్ళైన ఆడదాన్ని పట్టుకుని యజమాని ఎవరంటే ఎవరి పేరు చెబుతుంది? మొగుడి పేరు నోట పలకడానికి మొహమాటపడి ఆడవాళ్ళు వాడే మాటే అది. ఒక చేత్తో సెలైను సీసా పట్టుకుని ఉన్న సుమ, అమరనాథ్ అని చెప్పింది. వయసు, చదువు, ఉద్యోగం, అన్నీ అతనివే చెప్పింది. అవతలి పిల్ల అలాగే ఎక్కించుకుంది. సుమ అతనిమీద ఆధారపడిన మనిషిగా చేరింది.

ఆ ఏడాదంతా ఆఫీసువాళ్ళు పాయింట్లు చాలలేదంటూనే ఉన్నారు. అమరనాథ్ ఇంకోసారి పరీక్షకు చదివాడు. భార్యను ముందుపెట్టి లెక్క చూసుకోండని ఆ వీడియోల్లో ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. చెప్పినా ఆ మాట అతని చెవికెక్కి ఉండదు. వచ్చే నెల అతని పుట్టినరోజు. వయసు ఒక ఏడాది పెరిగితే పాయింట్లు ఇంకా తెగుతాయి. తాడోపేడో తేల్చుకోవాలని ఒక శనివారం సుమను స్కూటరెక్కించుకుని ఆ ఆఫీసుకు వెళ్ళాడు.

ఫైలు చూసేందుకు కొత్తగా చేరిన మౌనిక అనే అమ్మాయి వచ్చింది. నెల్లూరు పిల్ల. నిండా ఇరవై ఆరుండవు. కంప్యూటరులో అటూ ఇటూ చూసి, "సార్, హానెస్ట్‌గా చెప్తున్నా. మీ ప్రొఫైల్‌తో రాదు," అంది.

"ఇంకొక తూరి పరీక్ష రాస్తే?" అన్నాడు అమరనాథ్.

"రాసినా ఏజ్ పాయింట్స్ పోతాయి కదా సార్." మౌనిక సుమ వైపు తిరిగింది. "మేడమ్, మీరు నర్సా? బీఎస్సీ ఉంది, స్కోరు ఇంత బాగుంది, మిమ్మల్ని డిపెండెంట్‌లో ఎందుకు పెట్టారు?"

సుమ ఫోను సంగతి చెప్పింది. యజమాని అంటే ఈయన్ని అడుగుతున్నారనుకున్నానంది. మౌనికకు నవ్వొచ్చింది, కానీ అమరనాథ్ మొహం చూసి ఆపుకుంది.

"ఆ పాప అడిగినప్పుడు నాకు ఒక మాట చెప్పకూడదా సుమా?" అన్నాడతను.

"నిన్ను గాక ఎవర్ని చెప్తారప్పా," అంది సుమ.

మౌనిక కొత్తగా లెక్క మొదలుపెట్టింది. సుమ వయసు, చదువు, ఇంగ్లీషు, వార్డులో గడిపిన ఏళ్ళు. అమరనాథ్ కుర్చీ అంచుకు జరిగి తెర మీదికి వంగాడు. సుమ గోడ మీది ఏసీ చప్పుడు వింటూ కూర్చుంది. ఎవరి లెక్కో ఎవరో వేస్తున్నట్టు ఉంది ఆమెకు.

"మేడమ్ పేరున అయితే చాలా దగ్గరికొచ్చింది," అంది మౌనిక. "కానీ కొంచెం తక్కువ పడుతోంది. ఎందుకంటే, ఎలా చెప్పాలి... భార్యాభర్తలు కలిసి వస్తున్నారంటే కొన్ని పాయింట్లు తోడొచ్చే మనిషి కోసం పక్కన పెడతారు. అవి ఆ మనిషి తెచ్చుకోవాలి. సార్ స్కోరుకి అవి రావట్లేదు."

"నా వల్ల తగ్గుతా ఉండాదా?" అన్నాడు అమరనాథ్.

మౌనిక తల దించుకుని ఊఁ అంది. "సార్ ఇప్పుడు రావట్లేదు అని పెడితే మేడమ్ ఒక్కరికే లెక్కేస్తారు. అప్పుడు ఛాన్స్ బాగుంది. కానీ అది ఉత్తినే పెట్టే మాట కాదు సార్. నిజంగానే మేడమ్ ఒక్కరే వెళ్ళాలి. తర్వాత మిమ్మల్ని పిలిపించుకోవచ్చు. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను. ఏళ్ళు కూడా పట్టొచ్చు."

నాలుగేళ్ళు ఆ దేశాన్ని కళ్ళ ముందు పెట్టుకుని బతికిన మనిషికి, నువ్వు రాకుండా ఉంటేనే పని అవుతుందని ఇరవై ఆరైనా నిండని పిల్ల చేత చెప్పించుకోవడం ఎంత నరకం! అతను రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. సుమ ఏమైనా అంటుందని ఎదురుచూస్తున్నాడని మౌనికకు కూడా తెలుస్తోంది. నువ్వు లేకుండా ఎట్ల పోతానప్పా అని ఆమె అనాలి. వద్దులే, ఇద్దరం ఇక్కడే ఉందామని అనాలి. అంటే తను కాదూ కూడదని బతిమాలి ఒప్పించేవాడేమో, లేకపోతే హమ్మయ్య అనుకుని ఇంటికి తీసుకుపోయేవాడేమో.

"ఏం పెట్టమంటారు?" మౌనిక అడిగింది.

"ఏం పెడదాం సుమా?" అన్నాడు అమరనాథ్, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారిగా.

"రాడని పెట్టు పాపా," అంది సుమ.

గొంతులో వణుకు లేదు, తొందరా లేదు. మందు మోతాదు అడిగితే చెప్పినట్టు చెప్పింది. మౌనిక ఒకసారి అమరనాథ్‌ను చూసి, అతను తలాడించాక, తెర మీద ఆ గడి నొక్కింది. కాగితాలేమేం తేవాలో చెప్పింది. సుమ అన్నీ శ్రద్ధగా విని, ఆసుపత్రి నుంచి అనుభవం ఉత్తరం ఎవరి చేత రాయించాలో ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

కిందికొచ్చారు. స్కూటరు ఎండలో ఉండి సీటు కాలుతోంది. అమరనాథ్ చేతిరుమాలుతో సీటు తుడిచి, అక్కడ చలికి లోపల ఎలాంటి బనియన్లు వేసుకోవాలో, మొదటి నెల ఎలాంటి ఇంట్లో దిగాలో గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. అంతా తనకు తెలిసిందే, ఇక ఆమెకు అప్పజెప్పాలి. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

"ఆ పాప అడగంగానే చెప్పేసినావు," అన్నాడు. "రవ్వంతన్నా యోచన చేయలేదు."

"చేసినాను."

"ఏం యోచన చేసినావు?"

అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాక కాదు, అల్లగలదు. కానీ ఇతనితో ఎందుకో అల్లాలనిపించలేదు. "నువ్వు లేకుండా ఉండేది తలుచుకుని చూసినాను," అంది. "నాకు లోపల ఏమన్నా అవుతుందేమోనని. అయ్యుంటే పోనని చెప్పేదాన్నే. ఏమీ కాలేదప్పా."

అమరనాథ్ ఆమె మొహంలోకి చూశాడు. కోపంతో అన్న మాట అయితే అతను తిరిగి కోప్పడేవాడు. ఏళ్ళ నుంచి దాచుకున్న కసి అయితే క్షమించమని అడిగేవాడు. ఆ మొహంలో రెండూ లేవు. కాస్త భయం మాత్రం ఉంది, అది కూడా ఆమె తన గురించి తానే పడే భయం, ఏదో జబ్బు బయటపడిన మనిషికి ఉండేలాంటిది. అతను స్కూటరు స్టాండు తీశాడు.

"ఎక్కు," అన్నాడు.

ఎక్కింది. ఎప్పటిలాగే అతని భుజం మీద చెయ్యి వేసింది. పోలీసు స్టేషను దాటాక సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, చేతి కింద భుజం అదురుతున్నట్టు తెలిసింది. మొదట బండి అదురనుకుంది. కాదు. అతను ఏడుస్తున్నాడు. హెల్మెట్ లోపల ఎవరికీ కనబడకుండా ఏడుస్తున్నాడు. ఆ చెయ్యి ఇప్పుడేం చేయాలో సుమకు తెలుసు. రోగుల భార్యల భుజాలు ఎన్నిటినో అదే చేత్తో నిమిరింది. నిమరాలని గట్టిగా అనుకుంది కూడా. చెయ్యి ఉన్నచోటే ఉండిపోయింది. వెనక బస్సువాడు హారన్ కొడితే అమరనాథ్ బండి కదిలించాడు.