గోడకెక్కని పిస్టన్

మా పెద్దబావకి కోపం తక్కువ, కుళ్లు ఎక్కువ. ఆ కుళ్లంతా ఒక్కరి మీదే, మా చిన్నబావ మీద. ఇద్దరూ మా ఇంటి అల్లుళ్లే. పద్నాలుగేళ్ల కిందట ఒకే రోజు, ఒకే షాపులో, ఒకేలాంటి మోటార్‌సైకిళ్లు కొన్నారు. నంబర్లు కూడా వరసగా వచ్చాయి. పెద్దబావది చివర పదిహేడు, చిన్నబావది పద్దెనిమిది.

పెద్దబావ రోజూ తెల్లవారకముందే బేకరీలో రొట్టెలు ఎత్తుకుని నలభై దుకాణాలకు వేసి వస్తాడు. ఇల్లు నడిచేది ఆ బండి మీదే. అలాంటి బండి ఆర్నెల్లుగా నీలం పొగ కక్కుతూ, వారానికో సీసా ఆయిలు తాగుతోంది.

మెకానిక్ చూసి తేల్చేశాడు. "పిస్టన్, రింగులు అరిగిపోయాయండీ. బోరు చేయించి కొత్తవి వేయాల్సిందే. ఇలాగే తిప్పితే ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద ఇంజిన్ పట్టేస్తుంది."

"చూద్దాంలే" అన్నాడు బావ.

అడ్డం పడింది డబ్బు కాదు, ఆ మెకానిక్ షెడ్డు గోడ. మార్చానని చెప్పి పాతవే వేశాడని ఎవరూ అనకుండా, మెకానిక్ విప్పిన ప్రతి పిస్టన్ మీదా బండి నంబరు రాసి గోడకి వేలాడదీస్తాడు. చిన్నబావ కూడా తన బండిని అక్కడికే తెస్తాడు.

"వాడి బండి ఇంకా షోరూం ఇంజినుతోనే తిరుగుతోందట. మొన్న మీ అమ్మ ముందు మళ్లీ చెప్పాడు, విన్నావా?" అని బావ నన్ను నిలదీశాడు, తప్పు నాదే అయినట్టు. "నాది గోడెక్కితే ఇక వాడి నోరు మూయించగలమా?"

"చిన్నబావ బండి ఆఫీసుకి వెళ్లి నీడన నిలబడుతుంది. నీది బరువు మోస్తుంది కదా బావా" అన్నాను. ఓదార్చబోయి పుండు మీద కారం చల్లాను. ఆ రోజు చిన్నబావ ఒక్క కిక్కుకే బండి స్టార్ట్ చేసి వెళ్తుంటే, ఆ చప్పుడు సందు చివర దాటేదాకా బావ చెవులు రిక్కించి విన్నాడు.

ఆ తర్వాతి గురువారం ఎత్తు రోడ్డు మధ్యలో ఇంజిన్ పట్టేసింది. సగం రొట్టెలు బేకరీకి తిరిగొచ్చాయి. ఇంకోసారి ఇలా జరిగితే ఆ దుకాణాలు వేరేవాళ్లకి ఇచ్చేస్తానని యజమాని మొహం మీదే చెప్పాడు. బావ బండి షెడ్డుకి చేరింది, అది బాగయ్యే రెండు రోజులూ రొట్టెలు నా సైకిలెక్కాయి.

"కొత్తవి వేసెయ్. కానీ నా పిస్టన్ గోడకి వద్దు" అన్నాడు బావ.

మెకానిక్ ఎందుకని అడగలేదు. పనయ్యాక పాత పిస్టన్ తుడిచి, నంబరు రాసి, బల్ల కింద సొరుగు లాగాడు. అందులో అప్పటికే ఒక పిస్టన్ ఉంది. దాని మీద నంబరు చివర పద్దెనిమిది.

బావ దాన్ని తీసి వెలుతురులో తిప్పి చూశాడు. "ఇదెప్పటిది?"

"రెండేళ్లయిందండీ. ఆయన కూడా గోడకి వద్దన్నారు. మీరు చూస్తారట."

బావ మొహం వెలిగిపోయింది. ఆర్నెల్లుగా అలాంటి నవ్వు నేను చూడలేదు. ఒక్క కిక్కుకే బండి స్టార్టయింది, పొగ లేదు. నన్ను వెనక ఎక్కించుకుని పాట కూడా అందుకున్నాడు. రెండు వీధులు దాటాక పాట ఆగింది. బండి పక్కకు తీసి ఆపాడు.

"చూశావా" అన్నాడు. "దాచడంలోనూ వాడే ముందు."