ఆకలి లేనివాడి కంచం

హైవే మీద యూనివర్సిటీ గేటు దాటాక ఎడమ వైపు రెండంతస్తుల ప్రైవేటు హాస్టల్ ఒకటి ఉంది. అందులో అరవైమంది కుర్రాళ్లు. వాళ్లందరికీ వండేది చిన్నతల్లి. ఆమెది కళింగపట్నం దగ్గర పల్లె. వంట ఆమెకి ఎవరూ నేర్పలేదు. పెళ్లి వంటలవాళ్ల వెంట గిన్నెలు తోమడానికి వెళ్లి, తోముతూ చూసింది. ఉల్లిపాయ ఏ రంగుకి తిరిగాక నీళ్లు పోస్తున్నారో, పులుసు ఎప్పుడు దించుతున్నారో చూసి పట్టుకుంది. పదకొండేళ్లుగా ఈ హాస్టల్లో గరిటె ఆమెదే.

ఆమెకొక పద్ధతి ఉంది. వంట ఎలా ఉందని ఎవరినీ అడగదు. మనుషులు మొహమాటానికి బాగుందంటారు, కంచానికి మొహమాటం ఉండదు అంటుంది. కుర్రాళ్లు తిని కంచాలు తొట్టి దగ్గర పడేసి వెళ్లాక, కడిగే ముందు ఒక్కొక్కటీ చూస్తుంది. కరివేపాకు, ఎండుమిరపకాయ మిగిలితే పట్టించుకోదు. కూర కలిపిన అన్నం మిగిలితే తప్పు తనది. కలపని తెల్లన్నం మిగిలితే ఆ కుర్రాడికి ఒంట్లో బాగోలేదు. ఇన్నేళ్లూ ఆమె వంటని దిద్దింది ఆ కంచాలే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తమ్ముడు అప్పలసూరి వచ్చాడు. భోగాపురంలో తాపీ పని చేస్తాడు.

"అప్పా, ఎయిర్‌పోర్టు రోడ్డులో రేకుల షెడ్డొకటి సూసినాను. భోజనం హోటల్ పెడదాం. నువ్వొండు, మిగతాది నాను సూసుకుంతాను. ఉగాదిలోపు ఏటో ఒకటి సెప్పాల. లేదంటే షెడ్డాయన ఇంకొకలికి ఇచ్చేస్తాడు."

"ఇక్కడి పిల్లలకి ఏరే దారి నేదురా. నానేటి పెడితే అది తింతారు. అక్కడ నచ్చకపోతే లేసి పక్క హోటల్‌కి పోతారు."

"నీ సెయ్యి బాగున్నాదో నేదో నీకు తెలీదేటి?"

నిజంగానే ఆమెకి తెలీదు. ఊళ్లో ఇల్లు కారుతోంది, మోకాళ్లు నొప్పులు పుడుతున్నాయి, సొంతంగా ఏదైనా చేయాలంటే ఇదే ఆఖరి అవకాశం. కానీ డబ్బిచ్చి తినే కొత్తవాళ్ల ముందు నిలబడే చెయ్యేనా తనది? ఆ ఒక్క సంగతి తేలాలి.

అది తేలిపోయిందనే అనుకుంది కొన్నాళ్లకి. పై అంతస్తులో పద్నాలుగో నంబరు గదిలో నలుగురు కుర్రాళ్లు ఆ మధ్య కంచాలు తుడిచినట్టు తినడం మొదలుపెట్టారు. వాళ్లలో పృథ్వీరాజ్‌ది విజయనగరం వైపు రైతు కుటుంబం, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. సన్నగా ఉంటాడు. ఇదివరకు రెండు గరిటెల అన్నంతో లేచిపోయేవాడు. ఇప్పుడు మూడేసి సార్లు పెట్టించుకుంటున్నాడు. సాయంత్రం నాలుగింటికే వంటగది గుమ్మంలో నిలబడి, "అత్తా, మధ్యాహ్నంది ఏటైనా ఉన్నాదా?" అంటున్నాడు. అదే గది ప్రమోద్ మాటకారి. "అత్తా, నీ చారుకి అరసవల్లిలో గుడి కట్టాల. సూర్యనారాయణస్వామి పక్కనే" అనేవాడు. చిన్నతల్లి ఆ మాటలు నమ్మలేదు. కంచాలని నమ్మింది. షెడ్డు ఎవరికీ పోకుండా చూడమని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది.

మార్చి మొదటి ఆదివారం పప్పు మాడింది. హాస్టల్ యజమాని గణపతిరావు సరుకుల చీటీ గురించి పిలిస్తే వెళ్లి, వచ్చేసరికి అడుగంటింది. పైనున్నది వేరే గిన్నెలోకి తీస్తే దానికీ మాడు వాసన పట్టేసి ఉంది. పక్కన పెట్టేసి కొత్తగా వండింది. భోజనాలయ్యాక ఎండిన వడియాలు తియ్యడానికి మేడ మీదికి వెళ్లింది.

నీళ్ల ట్యాంకు వెనక నలుగురూ కూర్చుని ఉన్నారు. ఆ వాసన ఆమెకి తెలుసు. ఆమె మావయ్య జాతరల్లో గంజాయి చిలుం పట్టేవాడు. కుర్రాళ్లు ఆమెని చూడలేదు. ఆమె వడియాల చాప చుట్టుకుని దిగిపోయింది.

అరగంటకి నలుగురూ వంటగదిలోకి వచ్చారు. పక్కన పెట్టిన గిన్నె మూత తీశారు. చల్లన్నంలో ఆ మాడు పప్పు కలుపుకుని నిలబడే తినడం మొదలుపెట్టారు.

"ఏటత్తా ఇది, అదిరిపోయింది!" అన్నాడు ప్రమోద్.

"ఒరే, అది మాడిపోయినాది. పారబొయ్యడానికి పెట్టినాను."

నలుగురూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. చివరికి ప్రమోద్ కళ్లు తుడుచుకుంటూ, ఓదార్చినట్టే అన్నాడు. "ఆ పొగ పీల్సినాక ఏటి పెట్టినా కమ్మగుంటాది అత్తా. నీ తప్పేటీ నేదు."

"ఎప్పట్నుంచిరా?"

"సంకురాత్రి సెలవులైనకాణ్ణుంచి."

చిన్నతల్లి పీట మీద కూర్చుండిపోయింది. వంకాయ సరిగ్గా ఉడకని రోజు, పులుసులో ఉప్పు ఎక్కువైన రోజు, అన్నం మెత్తబడిన రోజు, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో కూడా ఈ నలుగురి కంచాలూ తుడిచినట్టే ఉన్నాయి. తను చూసుకుని మురిసింది పొగ తెచ్చిన ఆకలిని.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసింది. "నాను రాన్రా. షెడ్డు ఒగ్గీ." ఎందుకని అడిగితే ఫోన్ పెట్టేసింది.

మేడ మీద చూసింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందని తర్వాత అనుకుంది. నాలుగు రోజులకి గణపతిరావు ట్యాంకు వాల్వు చూడటానికి వెళ్లి తనే పట్టుకున్నాడు. ఆయనది అరసవల్లిలో తాతల నాటి కిరాణా వ్యాపారం, గొంతు పెంచే అలవాటు లేదు. నలుగురినీ కింద నిలబెట్టి, "నాయనా, ఇది పోలీసుల దాకా వెళ్తే మీ చదువూ ఉండదు, నా హాస్టలూ ఉండదు. మానేస్తారా, ఖాళీ చేస్తారా?" అన్నాడు. ముగ్గురు ఖాళీ చేసి టౌన్లో గది తీసుకున్నారు. పృథ్వీరాజ్ ఉండిపోయాడు. ఇంటికి తెలిస్తే చదువు మాన్పించి పొలానికి తోలతారని వాడి భయం.

మానేశాడు. మానేసిన మర్నాటి నుంచి తిండి మానేశాడు. నిద్ర లేదు, చెమటలు, ఎవరు పలకరించినా విసుగు. గణపతిరావు టౌన్లో డాక్టర్‌కి చూపించాడు. మెల్లగా సర్దుకుంటుంది, తిండీ నిద్రా చూసుకోమన్నాడాయన.

చిన్నతల్లి వాడి కంచం చూసింది. తెల్లన్నం, కలపనే లేదు.

"రెండు ముద్దలు తినరా."

"బతిమాలకత్తా. పోపు వాసనకే కడుపు తిప్పతంది. ముద్ద లోపలికి దిగడం నేదు."

వాడు వెళ్లాక ఆ కంచాన్ని చాలాసేపు చూసింది. మూడేసి సార్లు తిన్నప్పుడు అది పొగ తినిపించింది. ఇప్పుడు వద్దంటున్నదీ పొగే. మరి తన వంట సంగతేమిటి? వాడికి ఆకలి లేదు. మొహమాటం లేదు. నచ్చకపోతే తోసేస్తున్నాడు. వీడి చేత తినిపించగలిగితే ఎవరి చేతనైనా తినిపించవచ్చు.

మర్నాడు పోపు పెట్టకముందే వాడి వంతు పప్పు తీసి పెట్టింది. తోసేశాడు. రాగిపిండితో చోడి అంబలి చేసి ఇచ్చింది. రెండు గుక్కలు తాగి చిక్కగా ఉందన్నాడు. పల్చన చేస్తే చప్పగా ఉందన్నాడు. ఆమెకి కోపం రాలేదు. పదకొండేళ్లలో ఇంత కచ్చితంగా తప్పులు చెప్పినవాడు లేడు.

తరవాణి గుర్తొచ్చింది. చిన్నప్పుడు జ్వరం తగ్గాక అమ్మ ఇచ్చేది. వార్చిన గంజి కుండలో పోసి, రోజూ కొంచెం కలుపుతూ మూడు రోజులు పులియనిచ్చింది. నాలుగో రోజు పొద్దున్న ఆ పుల్లటి నీళ్లలో గుప్పెడు అన్నం పిసికి, ఉప్పు వేసి, దబ్బాకు చింపి వేసి, చేదు దిగకముందే తీసేసింది. గ్లాసులో పోసి వాడి గది బయట గట్టు మీద పెట్టి వచ్చేసింది. పక్కన నిలబడి తినమంటే వాడు మొండికేస్తాడని ఈపాటికి ఆమెకి అర్థమైంది.

సగం తాగాడు. మర్నాడు గ్లాసులో మెతుకులు మిగిల్చి నీళ్లన్నీ తాగాడు. ఆ మర్నాడు మెతుకులు కూడా లేవు.

ఉగాది ఇంకా మూడు రోజులుందనగా చింతచిగురు దొరికింది. పప్పులో వేసింది. పోపు చాలా తక్కువ పెట్టింది. పృథ్వీరాజ్ భోజనాల గదికి వచ్చి అందరితో పాటు కూర్చున్నాడు. నెమ్మదిగా కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు. రెండోది నోట్లో పెట్టుకుని ఆగాడు.

"అత్తా, పప్పులో ఉప్పు తగ్గింది."

ఆమె వంటగదిలోకి వెళ్లి గిన్నెలోది నాలిక మీద వేసుకుంది. నిజమే. భయపడి భయపడి తక్కువ వేసింది. ఉప్పు డబ్బా తెచ్చి వాడి కంచంలో చిటికెడు వేసింది. వాడు మళ్లీ కలిపాడు. తిన్నాడు. ఇంకో అర గరిటె అన్నం పెట్టమని కంచం ముందుకి జరిపాడు.

"మజ్జిగెయ్యనా?"

"ఉండత్తా. ముందు ఇది తిననీ."

చిన్నతల్లి పెరట్లోకి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది.

"షెడ్డు ఇచ్చేసినాడేటి?"

"నేదు. నువ్వు రానన్నావని నాను సెప్పనేదు."

"ఎందుకు సెప్పనేదురా?"

"ఏడుస్తా సెప్పినావు. ఏడుపు తగ్గినాక మాటాడదామని ఊరుకున్నాను."

"వస్తాను. పిల్లల పరీక్షలైనాక."

"మరి సెయ్యి బాగున్నాదని ఇప్పుడెలా తెలిసినాది?"

"ఒకడు ఉప్పు తక్కువైనాదన్నాడు."

"తిట్టినాడనేటి, వస్తానంతన్నావు?"

"అది నీకు తెలీదులే. సూడు, పొయ్యి కిటికీ పక్కన పెట్టు, పొగ బయటికి పోవాల. గట్టు నీ ఎత్తుకి కట్టీకు. నా నడుం దాకా సాలు."

"కొలత సెప్పు మరి."

ఆమె ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, నేల మీంచి నడుం దాకా జానలు వేసుకుంటూ కొలవడం మొదలుపెట్టింది.