రత్నత్తయ్య పేనిన తాడు

ఈ ఉదయం అలమరలోంచి రేకు డబ్బా తీసి మూత విప్పగానే తేనెమైనం వాసన వచ్చింది. అది కొంచెం తియ్యగా, కొంచెం పాతబడిన పుస్తకంలా ఉంటుంది. వెనకాలే మరో వాసన వచ్చినట్టనిపించింది. ఆ డబ్బాలో గంజి ఎప్పుడూ లేదు, అయినా గంజి వాసనే అది. మంగళగిరిలో మా వీధి చివర, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న రత్నత్తయ్య చీరకొంగు వాసన. ఆమె పోయి రెండేళ్లయింది. బెజవాడలో ఈ అద్దె ఇంటి మూడో అంతస్తులో, ఆఫీసుకు టైమవుతున్నా, ఆ మైనం ముద్దను గోటితో గీరి మళ్లీ మళ్లీ వాసన చూస్తూ నిలబడిపోయాను.

రత్నత్తయ్య మాకు చుట్టం కాదు. వీధిలో పిల్లలందరికీ అత్తయ్యే. భర్త పోయాక మగ్గం ఆమే నడిపింది. నేను చిన్నప్పటి నుంచీ మాటలు తక్కువ పిల్లని. చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని వంటింటి వెనక్కి పోయేదాన్ని. స్కూల్లో ఏదో ఒక ఆటలో చేరాలన్నప్పుడు విలువిద్య ఎంచుకున్నది కూడా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదనే. గీత మీద నిలబడాలి, లాగాలి, వదలాలి, నడిచివెళ్లి బాణాలు తెచ్చుకోవాలి. ఆటలో ఇంత మౌనం ఉంటుందని తెలిసిన రోజు నా డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను.

ఎనిమిదో తరగతిలో నా వింటితాడు పోగులు లేచిపోయాయి. విదేశం నుంచి తెప్పించేది కాబట్టి కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు మాకు విలువిద్య నేర్పే సార్. ఆ సాయంత్రం రత్నత్తయ్య అరుగు మీద తాడు ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. ఆమె మగ్గం ఆపి, తాడు తీసుకుని, కొసను వేళ్ల మధ్య నలిపింది.

"పద్దెనిమిది పోగులు. ఇది నేత కూడా కాదే, ఉత్త పేనుడు. దీనికి నెల ఎందుకంట?"

మర్నాడు సార్ దగ్గర నుంచి ఆ దారం ఉండ తెచ్చి ఇచ్చాను. అత్తయ్య గోడకి రెండు మేకులు కొట్టి, వాటి చుట్టూ దారం తిప్పడం మొదలుపెట్టింది. పూర్తయిన తాడును వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, మొత్తం విప్పేసింది. మళ్లీ తిప్పింది. మళ్లీ విప్పింది. పదకొండుసార్లు. నేను లెక్కపెట్టాను, డైరీలో ఉంది. బాగానే ఉంది కదా అత్తయ్యా అంటే నవ్వింది.

"ఒక్క పోగు సోమరిపోతయ్యిందనుకో, మిగతా పదిహేడూ దాని బరువు మోస్తాయి. మోసి మోసి ఏదో ఒకనాడు తెగుతాయి. అన్నీ ఒక్కలాగే బిగుసుండాలి. చూసేవాళ్లకి తెలవదులే, తాడుకి తెలుస్తది."

పన్నెండో తాడు తేనెమైనం రాయించుకుని నా వింటికెక్కింది. సార్ దాన్ని లాగి చూసి తిరిగిచ్చేశారు. వారం తర్వాత మాత్రం ఇంకో నలుగురమ్మాయిల కొలతలు కాగితం మీద రాసి నా చేతికిచ్చారు.

డిగ్రీ మొదటి ఏడాదిలో నేను దేశం తరఫున ఆడటానికి ఎంపికయ్యాను. బ్యాంకాక్‌లో పోటీ. ఆ మాట ఇంట్లో చెప్పడానికే నాకు ఒక పూట పట్టింది. ఆరు రోజుల్లో ప్రయాణమనగా రత్నత్తయ్య దగ్గరికి వెళ్లి, చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడి, చివరికి అడిగాను. తాడు మధ్యలో, బాణం కూర్చునే చోట అరగకుండా దారం చుడతారు కదా, అక్కడ జెండా మూడు రంగులూ చుట్టి కొత్త తాడు చేసిస్తావా అని.

"ఎన్నాళ్లుంది?"

"ఆరు రోజులు అత్తయ్యా."

"అయితే వద్దు. కొత్త పోగు సాగుద్ది. సాగడం ఆగేదాకా దాన్ని నమ్మకూడదు. పాతదే తీసుకుపో."

ఊరికి బయల్దేరిన పొద్దున, బస్సు కదలబోతుండగా ఆమె వడివడిగా నడిచొచ్చి కిటికీలోంచి ఒక కాగితం పొట్లం అందించింది. లోపల కొత్త తాడు. చీర అంచులకు వాడే పట్టుదారంతో మూడు రంగులూ చుట్టింది. ఆ పచ్చ జెండా పచ్చ కాదు, కొంచెం చిలకపచ్చ.

"ఇది కట్టుకోటానికి కాదు, పెట్టెలో పెట్టుకోటానికి. దేశం పని మీద పోతున్నావు, ఉత్త చేతుల్తో ఎట్టా పంపేది?"

పోటీ రోజు ఉదయం మైదానంలో ఒకమ్మాయి బుగ్గ మీద తన దేశపు జెండా వేసుకుంది. మరొకమ్మాయి వింటికి రంగు రిబ్బన్లు వేలాడుతున్నాయి. నా జెర్సీ వీపు మీద మన దేశం పేరు ఉంది, కానీ వీపు మీది అక్షరాలు నాకు కనబడవు కదా. తాడైతే కళ్లెదుటే ఉంటుంది. పూర్తిగా లాగినప్పుడు ముక్కునీ పెదవినీ తాకుతుంది. నా పాత తాడు చెమటకి నల్లబడి ఉంది. దాన్ని చూస్తే సిగ్గేసింది. ఎవరికీ చెప్పకుండా దాన్ని విప్పి, అత్తయ్య ఇచ్చిన కొత్తది ఎక్కించాను.

మొదటి ఆరు బాణాలు గురిపలక నడిమి పసుపులోనే పడ్డాయి. గర్వంగా వేలితో ఆ మూడు రంగులూ తడిమాను. ఆ తర్వాత బాణాలు కిందికి దిగడం మొదలైంది. పసుపు దాటి ఎరుపు, ఇంకాసేపటికి దాని బయటి నీలం. గురి సరిచేస్తే మరో రెండు వరసలు బాగుండేవి, మళ్లీ దిగేవి. తాడు నా చేతుల్లోనే సాగుతోంది. నాకు తెలుసు. సార్‌కి చెప్పడానికి నోరు రాలేదు. సగం పోటీ ముగిసేసరికి ముప్పై రెండు మందిలో నేను ముప్పయ్యోదాన్ని. విరామంలో సార్ నా విల్లు తీసుకుని ఆ రంగుల వైపు చూశారు.

"తాడు మార్చావా?"

తలూపాను.

"ఎవర్నడిగి?"

ఆయన గొంతు తగ్గించారు.

"పాతది తెచ్చావా, పారేశావా?"

"ఉంది సార్."

"మరి చూస్తావేం, ఎక్కించు."

మిగతా సగం ఆ నల్లతాడుతో ఆడాను. ఒక్కొక్క బాణానికీ ఒక్కొక్క మెట్టు ఎక్కినట్టుంది. చివరి బాణం వదిలేసరికి వేళ్లు కమిలిపోయాయి. మరుసటి రోజు పోటీకి పదహారు మందిని తీసుకుంటారు. నేను పదిహేడు. ఒక్క పాయింటు తేడా.

ఇంటికొచ్చిన సాయంత్రం రత్నత్తయ్య మగ్గం మీదే ఉంది. పోగుల మధ్య అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ పోతూనే ఉంది.

"ఎంతలో ఉన్నావే?"

"పదిహేడు అత్తయ్యా. పదహారు మందినే తీసుకున్నారు."

"కొత్తది కట్టావు కదూ."

నాకు ఏడుపొచ్చింది. నాడె ఆగింది.

"ఏడుపెందుకే? సగం తప్పు నాది. కట్టమాక అని చెప్పి చేతికిచ్చిందెవరు? పిల్ల చేతిలో జిలేబీ పెట్టి తినమాక అన్నట్టుంది నా తెలివి. పో, ఆ తాడు పట్టుకురా. విల్లు కూడా."

ఆ తాడును పక్కన పెట్టేస్తుందనుకున్నాను. అదే మళ్లీ ఎక్కించమంది. రోజూ సాయంత్రం వాళ్ల పెరట్లో, వరిగడ్డి మోపుకి అయిదడుగుల దూరంలో నిలబడి వంద బాణాలు వెయ్యాలి. తర్వాత విల్లుకీ తాడుకీ మధ్య ఎడం ఎంతుందో ఆమె చెక్క స్కేలుతో కొలిచి చెప్పేది, నేను డైరీలో రాసేదాన్ని. తాడు సాగితే ఆ ఎడం తగ్గుతుంది. గురి లేదు, చూసేవాళ్లు లేరు. మొదటి మూడు రోజులూ చాలా సాగింది. నాలుగో రోజు కాస్త. అయిదో రోజు నేను విసుక్కుంటే, మగ్గం మీంచే అంది: "దేశం నీ మీద అలిగి ఎక్కడికీ పోలేదులే. వెయ్యి." తొమ్మిదో రోజు ఆమె స్కేలు రెండుసార్లు పెట్టి చూసింది. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం ఉంది: ఇవాళ సాగలేదు.

రెండేళ్ల తర్వాత మరో విదేశీ పోటీలో ఆ మూడు రంగుల తాడుతోనే మా ముగ్గురమ్మాయిల జట్టుకు కాంస్యం వచ్చింది. పతకం తెచ్చి రత్నత్తయ్య చేతిలో పెట్టాను. ఆమె పతకాన్ని చూడలేదు. రిబ్బను తిరగేసి, వేళ్ల మధ్య నలిపింది.

"మిషన్ నేత. అంచు కుదర్లేదు." రిబ్బను వదలకుండానే అడిగింది: "మన జెండా ఎగరేశారా?"

"ఎగరేశారు. మూడోది కదా, కొంచెం కిందగా."

"ఏం గుడ్డ?"

"పాలిస్టర్ అనుకుంటా అత్తయ్యా."

"పోన్లే, వానకి తడిసినా తొందరగా ఆరుద్ది," అంది. తర్వాత ఆ పతకాన్ని తన మెడలో వేసుకుని, చీకటి పడేదాకా అలాగే నేసింది. నాడె కదిలినప్పుడల్లా అది మగ్గం బద్దకి తగిలి చిన్నగా మోగుతూ ఉంది.

ఆ తాడు పోగులు ఎప్పుడో లేచిపోయాయి. ఆ తర్వాత నాలుగుసార్లు ఎంపిక పోటీలకు వెళ్లాను, నాలుగుసార్లూ ఇంటికే వచ్చాను. వచ్చే నెలలో మళ్లీ ఉంది. ఈసారి తాడు నేనే పేనుకున్నాను, ఈ గదిలో గోడకి రెండు మేకులు కొట్టి. ఇంటి ఓనరు గారు ఏమంటారోనని భయపడుతూనే కొట్టాను. ఏడుసార్లు విప్పాను. ఇప్పుడు మైనం రాసి, విల్లు నిలబెట్టి, ఆమె చెక్క స్కేలు పెట్టి చూశాను. ఆఫీసుకు ఆలస్యమైనా సరే, డైరీలో ఈ ఒక్కటీ రాసి వెళ్లాలి.

నాలుగో రోజు. వెంట్రుకవాసి సాగింది. సాయంత్రం వంద బాణాలు వేసి మళ్లీ కొలవాలి.